మూడు ప్రాంగణాలు, ఒకే కేటలాగు: గ్రంథాలయాల పునర్వ్యవస్థీకరణ ఏడాదిపై చర్చ (ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి కలంపేరు)

1. సూచీకారిణి

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పనిచేస్తున్న సభ్యులందరికీ నమస్కారం. మా విశ్వవిద్యాలయానికి మూడు ప్రాంగణాలున్నాయి. నిరుటి వరకు మూడింటికీ వేర్వేరు గ్రంథాలయాలు, వేర్వేరు అధిపతులు, వేర్వేరు కేటలాగులు, వేర్వేరు పద్దులు ఉండేవి. ఈ ఒక్క ఏడాదిలో వాటన్నిటినీ ఒకటి చేశారు. పాత సాఫ్ట్‌వేర్లలోని రికార్డులను కొత్త ఉమ్మడి వ్యవస్థలోకి మార్చడం ఒక పని. ప్రాంగణాల వారీగా ఉన్న సిబ్బందిని విడదీసి కొనుగోళ్లు, కేటలాగింగు, పత్రికలు, పాఠక సేవలు అనే నాలుగు విభాగాలుగా మళ్లీ కూర్చడం రెండో పని. రెండూ ఒకేసారి సాగాయి. కేటలాగింగు విభాగం నా చేతికి వచ్చింది కాబట్టి, ఇక్కడ నేను ఏకరువు పెట్టబోయే పొరపాట్లలో నావి కూడా ఉన్నాయి.

ఒకే పుస్తకం మూడు ప్రాంగణాల్లో ఉంటే దానికి మూడు రికార్డులుంటాయి. వాటిలో వివరాలు ఎక్కువగా ఉన్న రికార్డును ఉంచి, తక్కిన రెండింటి ప్రతులను దానికి తగిలించాలన్నది మేము పెట్టుకున్న నియమం. నియమం సబబైనదే. అయితే కేటలాగు వివరాలను కంప్యూటరు చదివేలా రాసే ప్రమాణం మార్క్ 21. ఆ రికార్డులో 590 అనే ఫీల్డు, అంటే గడి, ఒకటుంటుంది. ఏ గ్రంథాలయానికి ఆ గ్రంథాలయం తన సొంత ప్రతి గురించి రాసుకునే గమనికలు అందులో ఉంటాయి. నాలుగు పుటలు చిరిగిపోయాయనో, దాత సంతకం ఉందనో, బైండింగు మార్చామనో అక్కడే రాస్తారు. రికార్డు పోతే గమనికా దానితోపాటే పోతుంది.

మా రెండో ప్రాంగణంలో ఒక వ్యాకరణ గ్రంథం ఉంది. వెనకటి అధ్యాపకుడొకరు దాని అంచుల నిండా పెన్సిలుతో సవరణలు రాసుకున్నారు. "చేతిరాత సవరణలున్న ప్రతి, బయటికి ఇవ్వరాదు" అని పాత కేటలాగులో స్పష్టంగా ఉండేది. విలీనం తర్వాత అది మూడు మామూలు ప్రతుల్లో ఒకటైపోయింది. వేరే ప్రాంగణం నుంచి ఎవరో ఆన్‌లైన్‌లో కోరితే మా వాళ్లే దాన్ని పెట్టెలో సర్ది వ్యానులో పంపించారు. ఆ సవరణల కోసమే ఒక పరిశోధకురాలు వచ్చి అడిగిన రోజున గానీ ఈ సంగతి నాకు తెలియలేదు.

రికార్డుల మార్పిడిని, సిబ్బంది పునర్వ్యవస్థీకరణను ఒకే ఏడాదిలో పెట్టుకోవడం సరైనదేనా అన్నది నా ప్రశ్న. నా మటుకు నాకు అసలు తప్పు అక్కడే ఉందనిపిస్తోంది. ఆ గమనికలను ఏళ్ల తరబడి రాసిన సహోద్యోగిని అప్పటికే పత్రికల విభాగానికి మార్చారు. విలీన నియమాలను ఖాయం చేసిన సమావేశానికి ఆవిడను పిలవాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

2. ఇష్యూ కౌంటర్

సూచీకారిణి గారూ, మీరు గమనికలను పోగొట్టుకున్నారు. మేము ఏకంగా మనుషులనే కలిపేశాము. మా మూడు ప్రాంగణాల్లో రెండింటిలోనూ విద్యార్థుల సభ్యత్వ సంఖ్యలు ఒకటితోనే మొదలయ్యేవి, పుస్తకాల బార్‌కోడ్‌లు కూడా అంతే. కొత్త వ్యవస్థ తెరిచిన మొదటి ఉదయం ఒక అమ్మాయి రసాయనశాస్త్ర పుస్తకాన్ని కౌంటర్ మీద పెట్టింది. స్కానరు కూత పెట్టింది, తెర మీద మాత్రం ఏదో న్యాయశాస్త్ర పుస్తకం పేరు వచ్చింది. మళ్లీ స్కాన్ చేస్తే మళ్లీ అదే. ఆ అమ్మాయి పేరున అప్పటికే ఏడు పుస్తకాలు ఉన్నట్టూ చూపించింది, ఆమె ఏమో ఒక్కటీ తీసుకోలేదంటుంది. వెనక వరుస పెరుగుతూ పోయింది. చివరికి అందరం కాగితం తీసి, పేరూ పుస్తకం పేరూ చేత్తో రాసుకుని పంపించాము.

గడువు నియమాల సంగతి ఇంకోటి. ఒక ప్రాంగణంలో పద్నాలుగు రోజులు, ఇంకో చోట ముప్పై. ఒక చోట అధ్యాపకులకు సెమిస్టరంతా, మరో చోట ఏడాది. వీటిని ఒకటి చేయడానికి ఉన్నతాధికారులు సమ్మతించారు గానీ, ఇప్పటికే బయట ఉన్న పుస్తకాలకు పాత గడువు వర్తిస్తుందా కొత్త గడువు వర్తిస్తుందా అని ఎవరూ తేల్చలేదు. ఎవరూ తేల్చకపోతే యంత్రం తేలుస్తుంది. కొత్త లెక్క ప్రకారం గడువు మీరిందంటూ ఒకే రాత్రి వందల మందికి మెయిళ్లు వెళ్లాయి. మార్పిడి చేసే వారికి నేను చెప్పే సలహా ఒక్కటే: నోటీసులు పంపే సౌకర్యాన్ని కనీసం రెండు వారాల పాటు ఆపి ఉంచి, ఏ నోటీసు ఎవరికి వెళ్లబోతోందో జాబితాగా తీసి, కౌంటర్‌లో కూర్చునే వారితో చదివించండి.

3. సర్వర్ గది

రెండు వైపుల నుంచీ తిట్లు తినే విభాగం నాది, కాబట్టి నా వాదన కూడా వినండి. బార్‌కోడ్‌లు ఢీకొనడం ఊహించని ప్రమాదమేమీ కాదు. ప్రతి ప్రాంగణపు సంఖ్యకూ ముందు రెండంకెల గుర్తు చేర్చి లోడు చేయడం, పుస్తకం మీది పాత లేబుల్ స్కాన్ చేసినా కౌంటర్ యంత్రమే ఆ గుర్తును కలుపుకొనేలా అమర్చడం మామూలు పద్ధతి. పరీక్షార్థం చేసే లోడులో కౌంటర్ సిబ్బంది చేత నిజమైన పుస్తకాలు స్కాన్ చేయించి ఉంటే మొదటి గంటలోనే బయటపడేది. చాలా చోట్ల పరీక్ష లోడును మాలాంటివాళ్లమే చూసి, రికార్డుల సంఖ్య సరిపోయింది కదా అని సంతకం పెట్టేస్తాము. సంఖ్య సరిపోవడం వేరు, రికార్డు సరైనది కావడం వేరు.

ఇక రెండు మార్పులూ ఒకే ఏడాదిలోనా అన్న ప్రశ్న. అమెరికా వాయవ్య ప్రాంతంలోని ఆర్బిస్ కాస్కేడ్ కూటమికి చెందిన 37 గ్రంథాలయాలు 2013లో మొదలుపెట్టి నాలుగు జట్లుగా ఉమ్మడి వ్యవస్థలోకి మారాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పది ప్రాంగణాలు 2021 జూలైలో అన్నీ కలిసి ఒక్కసారే మారాయి. జట్లుగా వెళ్తే మొదటి జట్టు తప్పులు రెండో జట్టుకు పాఠాలవుతాయి. కానీ అంతకాలమూ పాత వ్యవస్థ, కొత్త వ్యవస్థ రెండింటినీ మేపాలి, రెండింటికీ డబ్బు కట్టాలి, ఒక ప్రాంగణం నుంచి ఇంకో ప్రాంగణానికి పుస్తకం వెళ్తే రెండు చోట్లా నమోదు చేయాలి. మూడు ప్రాంగణాలకైతే ఒకేసారి మారడమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం. సిబ్బంది మార్పును వాయిదా వేయాల్సిందన్న మాటతో మాత్రం నేను ఏకీభవిస్తాను. ఫ్రీజ్ పెట్టిన మూడు వారాల్లో, అంటే పాత వ్యవస్థలో కొత్త రికార్డులేవీ చేర్చకూడదని ఆపి ఉంచిన కాలంలో, ఏ ఫైలు గురించి ఎవరిని అడగాలో నాకే అర్థం కాలేదు. ఫోను ఎత్తిన ప్రతి ఒక్కరూ "ఆ పని ఇప్పుడు నాది కాదండీ" అనేవారు.

4. పరిశోధక విద్యార్థి

నేను సిబ్బందిని కాదు, ఉమ్మడి కేటలాగును రోజూ వాడేవాడిని. ఇక్కడ అందరూ పోయినవే చెబుతున్నారు కాబట్టి వచ్చినవి నేను చెబుతాను. ఇంతకుముందు ఒక పుస్తకం కోసం మూడు వెబ్‌సైట్లు వెతకాల్సి వచ్చేది. వేరే ప్రాంగణంలో ఉందని తెలిసినా, మా గైడు సంతకంతో ఉత్తరం పట్టుకుని స్వయంగా వెళ్లాలి. ఇప్పుడు ఒక్క బటను నొక్కితే రెండు మూడు రోజుల్లో మా కౌంటర్‌కే వస్తోంది. నా సిద్ధాంత గ్రంథంలోని ఒక అధ్యాయం పూర్తిగా అలా వచ్చిన పుస్తకాల మీదే నడిచింది.

ఒక్క విషయంలో నష్టపోయాను. తక్కువగా ఇష్యూ అయ్యే పుస్తకాలను ఉమ్మడి నిల్వ భవనానికి తరలించారు. అక్కడ అరల మధ్యకు పాఠకులను రానివ్వరు. వెతికే పుస్తకానికి పక్కనే ఉన్న, పేరు కూడా వినని పుస్తకం చేతికి తగలడం నా పరిశోధనలో సగం. ఆ సగం ఇప్పుడు తాళం వేసిన తలుపు వెనక ఉంది.

5. పత్రికల గది

ఈ చర్చలో అందరూ పుస్తకాల గురించే మాట్లాడుతున్నారు, ఖర్చులో పెద్ద వాటా మాత్రం పత్రికలదీ డేటాబేసులదీ. వాటిని కలపడం రికార్డులు కలపడం కన్నా చిక్కు. ఎందుకంటే అవతలి పక్షం ఒకటుంటుంది, దాని చేతిలో ఒప్పందం ఉంటుంది.

ప్రచురణకర్తల లైసెన్సుల్లో "సైటు" అనే మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం రాసుకుంటారు. కొందరికి విశ్వవిద్యాలయం మొత్తం ఒక సైటు. కొందరికి ఒక ఊరి పరిధిలో ఉన్నదే సైటు. ఒకే పాలన కింద ఉంటే చాలునని కొందరు రాస్తారు. మూడు గ్రంథాలయాలు ఒకే పాలన కిందికి వచ్చిన రోజునే కొన్ని ఒప్పందాలు మాకు లాభంగా మారాయి, కొన్ని నష్టంగా మారాయి. విద్యార్థుల సంఖ్యను బట్టి ధర కట్టే సంస్థలు, ఆ పత్రికను ఒక్క ప్రాంగణమే వాడుతున్నా, మూడు ప్రాంగణాల సంఖ్యనూ కలిపి లెక్క కట్టాయి. కాబట్టి పాలనాపరమైన విలీనాన్ని ప్రకటించే ముందే, ప్రతి ఒప్పందంలోనూ ఆ నిర్వచనాన్ని ఒకరు కూర్చుని చదవాలి. మా దగ్గర ప్రకటన ముందు వచ్చింది, చదవడం తర్వాత జరిగింది.

రెండో చిక్కు, ఒకే పత్రికకు రెండు మూడు చందాలు కట్టడం. ఒక ప్రాంగణంలో విడి చందా ఉంటుంది, ఇంకో ప్రాంగణంలో అదే పత్రిక ఒక పెద్ద ప్యాకేజీలో భాగంగా వస్తుంటుంది. చూడగానే విడి చందాను ఆపేయాలనిపిస్తుంది. ఆపే ముందు చూడవలసింది శాశ్వత హక్కు. విడి చందాలో, డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలను చందా ఆగిన తర్వాత కూడా చదువుకునే హక్కు చాలాసార్లు ఉంటుంది. ప్యాకేజీలో ఆ హక్కు అన్ని పత్రికలకూ ఉండకపోవచ్చు. మేము ఆపబోయిన వాటిలో కొన్నింటిని ఈ కారణంతోనే చివరి నిమిషంలో ఉంచుకున్నాము. హక్కు ఉండటం, ఆ సంచికలు తెరుచుకోవడం కూడా రెండు వేర్వేరు సంగతులు. ప్రచురణకర్త మూతబడితేనో పత్రిక చేతులు మారితేనో హక్కు కాగితం మీదే మిగలవచ్చు. ఎలక్ట్రానిక్ పత్రికలను భద్రపరిచే వ్యవస్థలైన, 1999లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన లాక్స్ గానీ, 2005 నాటి పోర్టికో గానీ పుట్టింది ఈ భయం నుంచే.

వాడకపు లెక్కల గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు కాబట్టి నేను హెచ్చరిస్తాను. 2019 జనవరి నుంచి చాలా సంస్థలు, ఎలక్ట్రానిక్ వనరుల వాడకాన్ని ఒకే తీరుగా లెక్కించే కౌంటర్ (COUNTER) అనే ప్రమాణపు అయిదో కూర్పు ప్రకారం వాడకపు నివేదికలు ఇస్తున్నాయి. అవి ఖాతాల వారీగా వస్తాయి. మూడు ఖాతాలను ఒక ఖాతాగా మారిస్తే, ఏ ప్రాంగణంలో ఎంత చదివారో ఆ రోజుతో చెరిగిపోతుంది. మరుసటి ఏడాది కోతలు వచ్చినప్పుడు చిన్న ప్రాంగణం తన వాడకాన్ని నిరూపించుకోలేదు. ఒప్పందం ఒకటే అయినా ప్రాంగణానికొక ఉపఖాతా ఉంచమని అడగండి. చాలామంది అభ్యంతరం లేకుండా ఇస్తారు.

కలవడం వల్ల బలం వస్తుందన్నది మాత్రం నిజం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019 ఫిబ్రవరిలో పత్రికల ప్రచురణ సంస్థ ఎల్సెవియర్‌తో చర్చలు తెంచుకుని, రెండేళ్ల తర్వాత 2021 మార్చిలో కొత్త ఒప్పందం చేసుకోగలిగిందంటే, పది ప్రాంగణాలూ ఒకే గొంతుతో మాట్లాడటం అందుకు ఒక ముఖ్య కారణం. విడివిడిగా వెళ్లి ఉంటే ఏ ఒక్క ప్రాంగణమూ ఆరు నెలలు కూడా నిలబడేది కాదేమో.

6. చిన్న ప్రాంగణం

పత్రికల గది గారు చెప్పిన ఆ చిన్న ప్రాంగణం మాదే అనుకోండి. మా గ్రంథాలయంలో నేనూ, ఒక సహాయకుడూ మాత్రమే ఉంటాము. ఒక అధ్యాపకురాలు పొద్దున వచ్చి, రెండు వారాల్లో మొదలయ్యే పాఠానికి ఫలానా పుస్తకం కావాలని అడిగేవారు. నేను పుస్తకాల వ్యాపారికి ఫోను చేసేదాన్ని. పుస్తకం రాగానే బార్‌కోడ్ అంటించి, నాలుగు గీతల పొట్టి రికార్డు చేసి రిజర్వు అరలో పెట్టేదాన్ని. పూర్తి కేటలాగింగు తీరిక దొరికినప్పుడు చేసేదాన్ని. ఇప్పుడు ఆవిడ ఫారం నింపాలి. అది కొనుగోళ్ల విభాగానికి వెళ్తుంది, వారంలో ఒక రోజు పరిశీలనకు వస్తుంది, పుస్తకం ప్రధాన ప్రాంగణానికి చేరుతుంది, అక్కడ వరుసలో నిలబడుతుంది, ఆపైన వ్యాను ఎక్కుతుంది. పోయిన సెమిస్టరులో ఒక పుస్తకం పరీక్షలు అయిపోయిన తర్వాత మాకు వచ్చింది. లేబుల్ మాత్రం ఎంత తిన్నగా అంటించారో!

నేను ఇప్పుడు నలుగురికి జవాబుదారిని. కొనుగోళ్లకు ఒకరు, కేటలాగుకు ఒకరు, పాఠక సేవలకు ఒకరు, మా ప్రాంగణపు డైరెక్టరు ఒకరు. నేను సెలవు పెట్టాలంటే ఎవరిని అడగాలో తెలుసుకోవడానికి మూడు మెయిళ్లు పట్టాయి. ఇంతకీ మా పాత వ్యవస్థ కోహా. న్యూజీలాండ్‌లో ఒక చిన్న ప్రజా గ్రంథాలయ సంస్థ కోసం రాసి, 2000 జనవరిలో వాడుకలోకి తెచ్చిన సాఫ్ట్‌వేరు అది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. మాలాంటి వాళ్లకు అది సరిగ్గా సరిపోయేది. అది ఎందుకు సరిపోయిందో చెప్పమని కొత్తది ఎంచుకునే ముందు ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే, ఈ ఏడాది నా ఫిర్యాదులు సగానికి తగ్గేవి.

7. సూచీకారిణి

చిన్న ప్రాంగణం గారూ, ఆ వరుస నా విభాగంలోదే కాబట్టి సమాధానం నేను చెప్పాలి. ప్రాసెసింగును ఒక చోటికి తెస్తే ఒక్కో పుస్తకానికి పట్టే పని తగ్గుతుందని లెక్క వేశాము. అది నిజంగానే తగ్గింది. పుస్తకం పాఠకుడి చేతికి చేరడానికి పట్టే రోజులను మేము లెక్కించలేదు. రెండు నెలల క్రితం నుంచి కొంత మొత్తాన్ని ప్రతి ప్రాంగణం చేతికే ఇచ్చి, పాఠ్యాంశాలకు అత్యవసరమైన పుస్తకాలను అక్కడికక్కడే కొని, పొట్టి రికార్డుతోనే అరలో పెట్టుకోవచ్చని మార్చాము. రికార్డును మేము ఇక్కడి నుంచే తర్వాత పూర్తి చేస్తున్నాము, పుస్తకాన్ని కదపనక్కర్లేదు. దీనికి సమ్మతి సంపాదించడం మాత్రం తేలిక కాలేదు. కేంద్రీకరణ మొదలుపెట్టిన ఏడాదిలోనే వెనక్కి తగ్గుతున్నారా అని సమావేశంలో అడిగారు.

8. పాత రిజిస్టరు

నేను ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది. కార్డు కేటలాగు నుంచి కంప్యూటరుకు మారిన రోజుల్లో, కార్డుల మీది సమాచారాన్ని టైపు చేయించిన వాళ్లలో నేనొకణ్ణి. అప్పుడు కూడా కార్డు వెనక వైపు పెన్సిలుతో రాసిన గమనికలను ఎవరూ టైపు చేయలేదు. కార్డుకు వెనక వైపు ఉంటుందని పని పుచ్చుకున్న వాళ్లకు తెలియదు, చెప్పాలని మాకు తోచలేదు. ఇప్పుడు 590 గురించి చదువుతుంటే అదే కథ మళ్లీ విన్నట్టుంది.

గ్రంథాలయాల్లో మార్పు మాట వచ్చినప్పుడల్లా గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదో సూత్రాన్ని ఎత్తుకోవడం అందరికీ అలవాటు: గ్రంథాలయం పెరిగే జీవి అని. ఆయన నాలుగో సూత్రం కూడా చెప్పాడు, పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలని. సూచీకారిణి గారు లెక్కించలేదన్న రోజులు దాని కిందికి వస్తాయి.

పరిశోధక విద్యార్థి గారు ప్రస్తావించిన నిల్వ భవనం గురించి ఒక మాట. తక్కువగా ఇష్యూ అయ్యే పుస్తకాలను తరలించాలన్న ఆలోచనకు చాలామంది చూపించేది పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జరిగి 1979లో వెలువడిన అధ్యయనం. 1969లో కొన్న పుస్తకాల్లో సుమారు 40 శాతం తొలి ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదని అందులో తేలింది. దాని మీద అప్పుడే పెద్ద వివాదం రేగింది, ముఖ్యంగా గ్రంథాలయంలోనే కూర్చుని చదివి అరలో పెట్టేసిన పుస్తకాలు ఈ లెక్కలో ఎంతవరకు నమోదవుతాయన్న విషయం మీద. ఆ అంకెను చూపించే వాళ్లు ఆ వివాదాన్ని చూపించరు. మీ మూడు ప్రాంగణాల్లోనూ అరల నుంచి తీసి బల్లల మీద వదిలేసిన పుస్తకాలను ఎవరైనా స్కాన్ చేసేవారా? చేయకపోతే ఏ ఆధారంతో తరలించారు?

9. ఇష్యూ కౌంటర్

పాత రిజిస్టరు గారూ, ఒక ప్రాంగణంలో చేసేవారం, రెండో ప్రాంగణంలో చేసేవారం కాదు. ఫలితంగా రెండో ప్రాంగణపు పుస్తకాలే ఎక్కువగా తరలివెళ్లాయి.

10. అరల మధ్య

తరలింపు పని చేసిన వాళ్లలో నేనొకణ్ణి, కాబట్టి నిల్వ భవనం లోపల ఏముందో చెబుతాను. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1986లో ప్రారంభించిన డిపాజిటరీ అనే నిల్వ భవనం తర్వాత చాలా చోట్ల అనుసరిస్తున్న పద్ధతే మాదీను. పుస్తకాలను విషయాన్ని బట్టి కాదు, ఎత్తును బట్టి సర్దుతాము. ఒకే ఎత్తున్న పుస్తకాలను ఒక ట్రేలో నిలబెట్టి, పుస్తకం బార్‌కోడ్, ట్రే బార్‌కోడ్, అర బార్‌కోడ్ వరుసగా స్కాన్ చేస్తాము. తత్త్వశాస్త్రం పక్కన పశువైద్యం ఉంటుంది. అరకూ అరకూ మధ్య ఖాళీ మిగలదు కాబట్టి మామూలు ర్యాకుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పుస్తకాలు పడతాయి. అయితే ఒక్క బార్‌కోడ్ తప్పయిందంటే ఆ పుస్తకం కళ్ల ముందున్నా దొరకదు. పక్క పుస్తకాన్ని చూసి ఇది ఇక్కడ ఉండాల్సింది కాదే అని గుర్తుపట్టే వీలు ఉండదు. ఇష్యూ కౌంటర్ గారు చెప్పిన సంఖ్యల ఘర్షణ సర్దుకోకముందే మమ్మల్ని తరలింపు మొదలుపెట్టమన్నారు. మొదటి రెండు వందల ట్రేలను మళ్లీ విప్పి, అట్ట తెరిచి పేరు చూసుకుంటూ ఒక్కో పుస్తకాన్నీ సరిచూశాము.

ప్రాంగణాల్లో మిగిలిన పుస్తకాల సంగతి వేరు. ఒక చోట డ్యూయీ వర్గీకరణ, ఒక చోట కోలన్ వర్గీకరణ. రెండు వర్గీకరణల పుస్తకాలను ఒకే వరుసలో కలపలేము, మొత్తం తిరిగి వర్గీకరించడానికి మనుషులు లేరు. కొత్తవన్నీ డ్యూయీలోకి, పాతవి ఉన్నచోటే అన్నారు. పాఠకులకు రెండు వరుసలు చూపించే బోర్డులు మేమే రాసి పెట్టాము.

11. పరిశోధక విద్యార్థి

ఎత్తును బట్టి సర్దుతారని నాకు ఇప్పటివరకు తెలియదు. తాళం తీసి లోపలికి రానిచ్చినా నాకు ఉపయోగం ఉండదన్నమాట! అలాగైతే నేను అడగవలసింది వేరే ఉంది. కేటలాగులో ఒక పుస్తకాన్ని తెరిచినప్పుడు, అరలో దాని చోటును చెప్పే కాల్ నంబరు ప్రకారం దానికి అటు పది ఇటు పది పుస్తకాలను, అవి ఏ భవనంలో ఉన్నా సరే, వరుసగా చూపించగలరా?

12. సర్వర్ గది

చూపించవచ్చు, చాలా వ్యవస్థల్లో ఆ సౌకర్యం ఉంది. కాల్ నంబర్లు రెండు వర్గీకరణల్లో ఉంటే రెండు వరుసలుగా చూపించాలి, అంతే.

సూచీకారిణి గారి గమనికల విషయంలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అవి పూర్తిగా పోయి ఉండకపోవచ్చు. మార్పిడికి ముందు పాత వ్యవస్థల నుంచి తీసిన ఎగుమతి ఫైళ్లు మన సరఫరాదారు దగ్గరో, మన సర్వర్లలోనో ఉండాలి. వాటిలోంచి 590 ఉన్న రికార్డులను మాత్రమే వేరు చేయండి. ప్రతి దానిలోనూ 001 ఫీల్డులో పాత నియంత్రణ సంఖ్య, అంటే పాత వ్యవస్థ ఆ రికార్డుకు ఇచ్చిన గుర్తు సంఖ్య, ఉంటుంది. కొత్త రికార్డు చేసేటప్పుడు ఆ పాత సంఖ్యను 035 ఫీల్డులోకి పంపించి ఉంటే నేరుగా జత కుదురుతుంది. విలీనంలో తీసేసిన రికార్డుల 035లను ఉంచలేదంటే, ప్రతుల మీది బార్‌కోడ్‌ల ద్వారా వెళ్లండి, ఎందుకంటే ప్రతులు ఎక్కడికీ పోలేదు, కొత్త రికార్డుకు తగులుకుని ఉన్నాయి. పుస్తకం మీద అచ్చయ్యే అంతర్జాతీయ గుర్తు సంఖ్య ఐఎస్‌బీఎన్‌తో మాత్రం జత చేయకండి. 2007కు ముందు పది అంకెలు, తర్వాత పదమూడు అంకెలు. పైగా పలు సంపుటాల గ్రంథాల్లో మొత్తం సెట్టుకు ఒకే సంఖ్య ఉండవచ్చు, అప్పుడు మొదటి సంపుటం గమనిక మూడో సంపుటానికి అంటుకుంటుంది.

దొరికిన గమనికలను మళ్లీ 590లో పెట్టవద్దు. ప్రతికి చెందిన సమాచారం ప్రతి దగ్గరే ఉండాలి. ఏ ప్రతి ఎక్కడుందో తెలిపే హోల్డింగ్స్ రికార్డులో 852 ఫీల్డుకు పాఠకులకు కనిపించే గమనిక, కనిపించని గమనిక అని రెండు ఉపఫీల్డులున్నాయి. యాజమాన్య చరిత్ర అయితే 561లో రాసి, ఏ గ్రంథాలయపు ప్రతి గురించో తెలిపే 5 అనే ఉపఫీల్డును తప్పక చేర్చండి. అప్పుడు ఇంకో విలీనం వచ్చినా అవి చెక్కుచెదరవు.

13. చిన్న ప్రాంగణం

పై పని చేసేటప్పుడు ఆ గమనికలు రాసిన వారిని కూడా కూర్చోబెట్టుకోండి. "బ. ఇ. రా." అని ఒక చోట ఉంటే బయటికి ఇవ్వరాదని నాకు తెలుసు, ఫైలు తెరిచిన వాళ్లకు తెలియకపోవచ్చు.

14. సూచీకారిణి

సర్వర్ గది గారికి, చిన్న ప్రాంగణం గారికి కృతజ్ఞతలు. ఇన్నాళ్లూ బదులు రాయలేకపోయింది ఈ పనిలో ఉండటం వల్లే. ఎగుమతి ఫైళ్లు దొరికాయి. రెండో ప్రాంగణపు 035లు విలీనంలో పోయాయి కాబట్టి బార్‌కోడ్‌ల దారిలోనే వెళ్లాము. పత్రికల విభాగానికి మారిన ఆ సహోద్యోగిని వారానికి రెండు పూటలు మాకు ఇవ్వమని అడిగి తెచ్చుకున్నాము. ఫైలులో మాకు అర్థంలేని అక్షరాలుగా కనిపించినవాటిని ఆవిడ చూసీ చూడగానే చదివేస్తున్నారు. ఒక గమనిక దగ్గర ఆగి, "ఇది తప్పు, ఆ పుటలు తర్వాత దొరికాయి, నేనే అతికించాను" అన్నారు. అది ఏ ఫైలులోనూ లేదు. చాలా వరకు గమనికలు ప్రతుల దగ్గరికి చేరాయి. లేబుళ్లు మార్చిన పుస్తకాలకు పాత బార్‌కోడ్ ఏదో తెలియక కొన్ని మిగిలిపోయాయి. వాటిని, కొన్న పుస్తకాలను వచ్చిన వరుసలో రాసుకున్న అక్సెషన్ రిజిస్టర్లు ముందు పెట్టుకుని చూడాలి.

వ్యాకరణ గ్రంథం ఇంకా బయటే ఉంది. తీసుకున్న వారికి మెయిలు రాశాను. సెమిస్టరు చివర్లో తెచ్చిస్తామని, అంచుల్లోని రాత తమకూ పనికొస్తోందని బదులు వచ్చింది. తిరిగి వచ్చి స్కాన్ కాగానే కౌంటర్ తెర మీద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక కనిపించేలా అమర్చాను. ఏ ప్రాంగణపు కౌంటర్‌లో ఇచ్చినా అది కనిపిస్తుందో లేదో వేరే పుస్తకంతో మూడు చోట్లా చూశాము. రెండు చోట్ల కనిపించింది. మూడో చోట ఎందుకు కనిపించలేదో రేపు చూడాలి.